వేసవిలో వార్డు సమాచార పత్రం నడపడం ఎలా: సికింద్రాబాద్ బస్తీలు, కాలనీల కోసం

సికింద్రాబాద్‌లో ఏప్రిల్ మొదలుకొని బోనాల వరకు సాగే నాలుగు నెలల్లో మన ఇంటి గడప దాకా వచ్చే పురపాలక నిర్ణయాలు ఒకదాని వెనక ఒకటి వచ్చిపడతాయి. ఆస్తిపన్ను రాయితీ ఏప్రిల్ నెలాఖరుతో ముగుస్తుంది, పిల్లల వేసవి శిక్షణ శిబిరాలు అదే నెల చివరి వారంలో మొదలవుతాయి, నీటి సరఫరా వేళలు మారతాయి, నాలాల పూడికతీత వానల లోపు పూర్తి కావలసి ఉంటుంది, జూన్ 12న బడులు తెరుచుకుంటాయి, ఆషాఢం రాగానే ఉజ్జయిని మహంకాళి జాతరకు వీధుల ఏర్పాట్లు మొదలవుతాయి. వీటిలో రహస్యమైనది ఏదీ లేదు. అయినా ఎక్కువమందికి ఇవి గడువు దాటిన తర్వాతే తెలుస్తాయి. ఒక కాలనీ సంక్షేమ సంఘం గాని, నలుగురైదుగురు ఇరుగుపొరుగు గాని కలిసి, వేసవి పొడవునా వారానికి ఒక పేజీ చొప్పున తమ వార్డు సమాచార పత్రాన్ని ఎలా నడపవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి పెద్ద ఖర్చు లేదు, పత్రికా రచనలో అనుభవమూ అక్కరలేదు. అడగవలసిన చోట అడిగి, తెలిసిన సంగతిని సూటిగా రాయగలిగితే చాలు.

ముందుగా మీ హద్దు తేల్చుకోండి

ఈ ప్రాంతంలో సమాచార పత్రం మొదలుపెట్టేవారు అన్నిటికంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: మన వీధి బల్దియాదా (గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థదా), కంటోన్మెంటుదా? నిజాం సికందర్ జా పేరిట 1806లో ఏర్పడిన సికింద్రాబాద్ ఆంగ్లేయుల సైనిక స్థావరంగా పెరిగింది, చాలాకాలం విడి పట్టణంగానే పరిపాలన సాగించుకుంది, 1960లో హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. కంటోన్మెంటు ప్రాంతం మాత్రం నేటికీ రక్షణ మంత్రిత్వ శాఖ కింద, 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం నడుస్తోంది. అందువల్ల పాత బోయిన్‌పల్లిలో చెత్త తీయకపోతే అడగవలసిన కార్యాలయం ఒకటి, కొత్త బోయిన్‌పల్లిలో తీయకపోతే అడగవలసింది మరొకటి. కార్ఖానా, తిరుమలగిరి వాసులు బల్దియా ఫోన్ నంబరుకు ఫిర్యాదు చేసి, వారాల తరబడి ఎదురుచూసి, చివరకు 'ఇది మా పరిధి కాదు' అన్న జవాబు విన్న సందర్భాలు కొల్లలు. నీటి విషయంలోనూ అంతే. కంటోన్మెంటుకు నగర నీటి సరఫరా సంస్థ అయిన జలమండలి నీటిని మొత్తంగా అమ్ముతుంది, ఇళ్ళకు పంపిణీ చేసేది మాత్రం కంటోన్మెంట్ బోర్డే.

బల్దియా పరిధిలో ఉన్నవారికి మరో జాగ్రత్త అవసరం. మోండా మార్కెట్, రాంగోపాల్‌పేట, బన్సీలాల్‌పేట, సీతాఫల్‌మండి, బౌద్ధనగర్, మెట్టుగూడ, తార్నాక, అడ్డగుట్ట వంటి పేర్లతో మనకు అలవాటైన వార్డులు 150 వార్డుల కాలం నాటివి. 2025 చివరలో చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను గ్రేటర్‌లో విలీనం చేసి, వార్డులను 300కు పెంచినప్పుడు హద్దులు మారాయి. నిన్నటి వరకు మీ వీధికి చెందిన వార్డు కార్యాలయం నేడు పక్క బస్తీకి చెందినది కావచ్చు. కాబట్టి పాత సంఖ్యను నమ్ముకోకుండా, సర్కిల్ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి, కొత్త వార్డు సంఖ్య, సర్కిల్ పేరు, వార్డు పటం తీసుకోండి. ఆ పటాన్నే మీ మొదటి పత్రంలో అచ్చు వేయండి. ఒక వీధి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూపే పటం ఇళ్ళలో చాలాకాలం దాచుకుంటారు.

దీనితోపాటు ప్రతి ఇంటివారూ మూడు సంఖ్యలు ఒకచోట రాసి పెట్టుకోవాలని మొదటి పత్రంలోనే చెప్పండి. ఆస్తిపన్ను రసీదు మీది పీటీఐఎన్ (ఆస్తిపన్ను గుర్తింపు సంఖ్య), నీటి బిల్లు మీది క్యాన్ నంబరు (వినియోగదారు ఖాతా సంఖ్య), కరెంటు బిల్లు మీది సర్వీసు నంబరు. ఫిర్యాదు చేసినా, ట్యాంకరు బుక్ చేసినా, పన్ను కట్టినా మొదట అడిగేవి ఇవే. జలమండలి సెక్షన్ల హద్దులు, విద్యుత్ సంస్థ సెక్షన్ల హద్దులు వార్డు హద్దులతో సరిపోవు. కాబట్టి మీ వీధికి జలమండలి మేనేజర్ ఎవరు, విద్యుత్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎవరు అన్నది విడివిడిగా కనుక్కోవలసిందే.

సమాచారం ఎక్కడ దొరుకుతుంది

2023 జూన్ 16న వార్డు కార్యాలయాల వ్యవస్థ మొదలైంది. ఒక పరిపాలనాధికారి కింద ఇంజనీరింగ్, పారిశుద్ధ్యం, పట్టణ ప్రణాళిక, దోమల నివారణ, ఉద్యానాలు, బస్తీ సంఘాల విభాగాల సిబ్బందిని, జలమండలి, విద్యుత్ ప్రతినిధులను ఒకే చోట కూర్చోబెట్టాలన్నది దాని ఉద్దేశం. అన్ని వార్డుల్లోనూ అది ఒకేలా పనిచేయడం లేదు. కాని అక్కడికి వారానికి ఒకసారి, ఒకే రోజున, ఒకే వేళకు వెళ్ళి 'ఈ వారం మన వార్డులో ఏ పని మొదలవుతుంది, ఏది ముగిసింది?' అని మర్యాదగా అడిగేవారు ఒకరుంటే, కొద్ది రోజులకే సిబ్బంది తామే సంగతులు చెప్పడం మొదలుపెడతారు. ఆ బాధ్యతను సంఘంలో ఒకే వ్యక్తికి అప్పగించండి. వారానికొకరు వెళితే ఆ పరిచయం ఏర్పడదు.

రెండో ఆధారం టెండరు ప్రకటన. రాష్ట్ర ప్రభుత్వ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో రోడ్డు మరమ్మతు, నాలా గోడ, పార్కు కంచె, పూడికతీత వంటి పనుల టెండర్లు ఎవరైనా చూడవచ్చు. అందులో పని పేరు, అంచనా వ్యయం, పూర్తి చేయవలసిన గడువు, బాధ్యత వహించే డివిజన్ ఉంటాయి. నా దృష్టిలో ఒక వార్డుకు సంబంధించి ఇంతకంటే విలువైన వార్త లేదు. నాయకులు శంకుస్థాపన చేసిన ఫొటో కంటే టెండరులో రాసిన నాలుగు పంక్తులే ఆ పని గురించి ఎక్కువ చెబుతాయి. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా రోడ్డు వేస్తారో తెలిస్తే, మధ్యలో వదిలేసిన ముక్క గురించి అడిగే హక్కు మనకు చేతికి వస్తుంది.

మూడోది స్థాయీ సంఘం, పాలకమండలి సమావేశాల తీర్మానాలు. ఎన్నికైన పాలకమండలి లేని కాలంలో ఆ అధికారాలను ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారి నిర్వర్తిస్తారు. అటువంటి సమయంలో తీర్మానాల మీద బహిరంగ చర్చ జరగదు కనుక, బస్తీ సమాచార పత్రాల అవసరం మరింత పెరుగుతుంది. దినపత్రికల జిల్లా పేజీలు కూడా చదవండి. కాని అక్కడ వచ్చిన వార్తను యథాతథంగా ఎక్కించకుండా, అది మీ వార్డుకు ఎంతవరకు వర్తిస్తుందో కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే రాయండి.

ఎక్కడా జవాబు దొరకనప్పుడు సమాచార హక్కు చట్టం ఉంది. 10 రూపాయల రుసుముతో దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే సంస్థలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. ఈ చట్టంలోని 2(జె) సెక్షన్ చాలామందికి తెలియదు. కాగితాల నకళ్ళే కాదు, జరుగుతున్న పనిని స్వయంగా పరిశీలించే హక్కును, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనా తీసుకునే హక్కును కూడా అది పౌరుడికి ఇచ్చింది. మే నెలలో వేసే సిమెంటు రోడ్డు విషయంలో ఈ హక్కును వాడదలిస్తే దరఖాస్తు ఏప్రిల్ మొదటి వారంలోనే పడాలి, ఎందుకంటే 30 రోజుల గడువు గడిచేసరికి పని ముగిసిపోవచ్చు.

సంగతి రాసే పద్ధతి

సమాచార పత్రంలో అచ్చయ్యే ప్రతి సంగతీ చదివినవారు ఏదో ఒకటి చేయగలిగేలా ఉండాలి. నేను గట్టిగా నమ్మేది, ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న ముఖ్య విషయం కూడా ఇదే. 'మన వార్డులో త్వరలో నాలాల పూడికతీత జరగనున్నది' అని రాస్తే చదివినవారికి తలూపడం తప్ప చేయగలిగింది ఏమీ లేదు. అదే సంగతిని 'ఫలానా వీధి మూల నుంచి ఫలానా వంతెన వరకు నాలాలో పూడికతీత సోమవారం మొదలవుతుంది, మే 31 లోపు పూర్తి కావాలి, బాధ్యత వార్డు ఇంజనీరింగ్ ఏఈది, తీసిన మట్టి గట్టు మీదే ఉండిపోతే వార్డు కార్యాలయంలో ఫిర్యాదు చేసి సంఖ్య తీసుకోండి' అని రాస్తే, నాలా పక్కన ఉండే పది ఇళ్ళవారు ఆ పనికి కాపలాదారులవుతారు. ఏం నిర్ణయించారు, ఎవరి బాధ్యత, ఎప్పటిలోగా, ఎక్కడ అడగాలి అన్నవి లేని సంగతిని ఆ వారానికి ఆపేయడమే మంచిది. వివరాలు దొరికాక వేయవచ్చు.

అధికారుల పేర్లకు బదులు హోదాలు రాయండి. వేసవిలో బదిలీలు ఎక్కువ. పేరు రాస్తే రెండు వారాలకే పత్రం పాతబడుతుంది, పైగా సంగతి వ్యక్తిగత దూషణగా మారే ప్రమాదం ఉంది. ఫిర్యాదు చేసినవారి పేరు, ఇంటి నంబరు, ఫోన్ నంబరు ఎట్టి పరిస్థితుల్లోనూ అచ్చు వేయవద్దు. ఒంటరిగా ఉండే వృద్ధుల గురించి, ఊరికి వెళ్ళి తాళం వేసిన ఇళ్ళ గురించి ఒక్క ముక్క కూడా రాయకూడదు. వేసవి సెలవుల్లో అది దొంగలకు దారి చూపడమే అవుతుంది.

ఏప్రిల్: పన్ను, నీరు

ఏప్రిల్ మొదటి పత్రంలో ఆస్తిపన్ను గురించి రాయండి. ఏటా బల్దియా ప్రకటించే ఎర్లీబర్డ్ పథకం కింద ఆ ఆర్థిక సంవత్సరపు పన్ను మొత్తాన్ని ఏప్రిల్ 30 లోపు కట్టినవారికి 5 శాతం రాయితీ లభిస్తుంది. పాత బకాయిలకు ఈ రాయితీ వర్తించదు. ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఈ మూడు వాక్యాలు ఏప్రిల్ 5 లోపు ఇంటింటికీ చేరితే సమాచార పత్రం ఖర్చు ఆ వీధికి ఎన్నో రెట్లు తిరిగి వచ్చినట్టే. రసీదులో గ్రంథాలయ సెస్సు అన్న మాట కనిపిస్తుంది. పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయాలకు కడుతున్నామన్న సంగతి కూడా రాయండి. దాని అవసరం పిల్లల సెలవుల దగ్గర వస్తుంది.

నీటి విషయంలో మొదట మీ వీధికి నీరు వచ్చే రోజు, వేళ, ఎంతసేపు అన్నవి జలమండలి సెక్షన్ కార్యాలయంలో అడిగి అచ్చు వేయండి. 2021 జనవరి నుంచి నగరంలో గృహ కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల వరకు ఉచితం. అయితే విడి ఇళ్ళవారికి పనిచేసే మీటరు, ఆధార్ అనుసంధానం ఉండాలి. మీటరు చెడిపోయిందని తెలియక బిల్లు కడుతున్నవారు ప్రతి వీధిలోనూ ఉంటారు కనుక ఈ నిబంధనను వేసవికి ఒకసారైనా గుర్తు చేయాలి. నల్లాకు నేరుగా మోటారు బిగించి లాగడం వల్ల ఎత్తున ఉన్న ఇళ్ళకు, వీధి చివరి ఇళ్ళకు నీరు అందదు. 2025 వేసవిలో జలమండలి ఇటువంటి మోటార్లను స్వాధీనం చేసుకొని 5,000 రూపాయల జరిమానా విధించే కార్యక్రమం చేపట్టింది. సమాచార పత్రంలో పేర్లు పెట్టి ఎవరినీ నిందించనవసరం లేదు, జరిమానా మొత్తం రాస్తే చాలు. నీటి ఫిర్యాదులకు 155313, బల్దియా ఫిర్యాదులకు 040-21111111, విద్యుత్తుకు 1912 అన్నవి ప్రతి వారం పేజీ అడుగున పెద్ద అక్షరాలతో ఉండాలి.

నాలాలు, మూతలు

ఈ భాగాన్ని కొంత వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇక్కడ జాప్యం ప్రాణాల మీదికి వస్తుంది. 2023 ఏప్రిల్ 29 ఉదయం కురిసిన వానలో కళాసిగూడలో పాల కోసం బయటికి వచ్చిన ఒక చిన్నారి, తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. అది జులై కాదు, ఆగస్టు కాదు. నడివేసవిలో వచ్చిన అకాల వర్షం. వానాకాలం రావడానికి ఇంకా సమయం ఉందిలే అన్న ధీమా ఎంత ప్రమాదకరమో సికింద్రాబాద్ వాసులకు ఆ రోజు తెలిసింది. నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ రెండో వారానికి నగరాన్ని తాకుతాయి. కాని మన సమాచార పత్రానికి గడువు ఏప్రిల్ నెలే.

మొదట మీ వీధిలోని మూతలన్నిటినీ నడుస్తూ లెక్కపెట్టి, పటం మీద గుర్తించండి. రోడ్డు మీద కనిపించేవి ప్రధానంగా రెండు రకాలు. ఇళ్ళ మురుగు పోయే మ్యాన్‌హోల్ జలమండలిది, వాన నీరు దిగే క్యాచ్‌పిట్, నాలా బల్దియావి. ఫిర్యాదు తప్పు చోటికి వెళితే దాన్ని ఆ కార్యాలయం ఈ కార్యాలయానికి పంపేలోపు వాన వస్తుంది. మూత పగిలినది, మూత లేనిది, రోడ్డు మట్టం కంటే కిందికి దిగినది, చుట్టూ సిమెంటు ఊడినది అని రాసుకొని, పక్కనే ఉన్న దుకాణమో స్తంభమో గుర్తుగా చెప్పి ఫిర్యాదు చేయండి. ఫిర్యాదు సంఖ్యను పత్రంలో వేయండి. ఫిర్యాదుదారు పేరు కాకుండా సంఖ్య మాత్రమే వేస్తే, వీధిలో ఎవరైనా దాని స్థితిని అడగవచ్చు.

నీళ్ళు నిలిచినప్పుడు మ్యాన్‌హోల్ మూత తీసి వదిలేసే అలవాటు చాలా వీధుల్లో ఉంది. నీరు త్వరగా పోవాలన్న మంచి ఉద్దేశంతో చేసే ఈ పని తర్వాత అటుగా నడిచే మనిషికి మృత్యుద్వారం అవుతుంది. జలమండలి 1989 చట్టం ప్రకారం అది నేరం కూడా. అలాగే రక్షణ సామగ్రి లేకుండా మనుషులను లోపలికి దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. ఎవరైనా గుత్తేదారు ఆ పని చేయిస్తుంటే ఆపి, వెంటనే ఫిర్యాదు చేయవలసిందిగా ప్రతి ఏప్రిల్ పత్రంలోనూ రాయండి.

పూడికతీతను గమనించడానికి మూడు దశలున్నాయి. పనికి ముందు నాలా ఎంత నిండి ఉందో ఒకే చోట నిలబడి తేదీ కనిపించేలా ఫొటో తీయండి. పని జరిగే రోజుల్లో పూడికను లారీలో తరలిస్తున్నారా, గట్టు మీద పోసి వెళ్ళిపోతున్నారా అని చూడండి. గట్టు మీద పోసిన మట్టి మొదటి వానకే మళ్ళీ నాలాలోకి జారుతుంది, బిల్లు మాత్రం పూర్తిగా చెల్లిపోతుంది. పని ముగిసాక మళ్ళీ అదే చోట ఫొటో తీయండి. ఈ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి వేసిన పత్రాన్ని ఏఈ కార్యాలయానికి కూడా ఇవ్వండి. బాగా చేసిన పనిని బాగా చేశారని రాయండి. అది న్యాయం, పైగా మరుసటి ఏడాది ఆ సిబ్బంది మీ మాట వింటారు.

నాలా మీ హద్దులో ముగియదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పికెట్ నాలా కంటోన్మెంటు వైపు నుంచి వచ్చి, రసూల్‌పుర, బేగంపేట మీదుగా హుస్సేన్‌సాగర్‌లో కలుస్తుంది. ఎగువన పూడిక తీయకుండా దిగువన తీస్తే ప్రయోజనం సగమే. అందుచేత హద్దుకు అటూ ఇటూ ఉన్న రెండు మూడు కాలనీల వారు తమ పత్రాలను ఒకరికొకరు పంపుకుంటే, రెండు సంస్థలనూ ఒకే వారంలో ఒకే ప్రశ్న అడగగలుగుతారు. అధికారులు ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి సోమవారం వెళ్ళేటప్పుడు కూడా ఇలా కలిసి వెళ్ళడం మంచిది. అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ముద్ర వేయించుకొని తెచ్చుకోండి.

పిల్లల వేసవి

బడులకు సెలవులు ఏప్రిల్ 24 ప్రాంతంలో మొదలై జూన్ 11 వరకు ఉంటాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు వరకు బల్దియా తన మైదానాల్లో వేసవి క్రీడా శిక్షణ శిబిరాలు నడుపుతుంది. 6 నుంచి 16 ఏళ్ళ పిల్లలు చేరవచ్చు. గత సంవత్సరాల్లో చాలా ఆటలకు రుసుము 10 రూపాయలు, స్కేటింగ్, క్రికెట్, టెన్నిస్ వంటి కొన్నిటికి 50 రూపాయలు మాత్రమే ఉంటూ వచ్చింది. ప్రైవేటు శిబిరాలు వేలల్లో వసూలు చేసే నగరంలో, కూలి పని చేసుకునే కుటుంబపు పిల్ల కూడా శిక్షకుడి దగ్గర షటిల్ నేర్చుకోగలిగే అవకాశం ఇది. ఈ వార్త అందరికంటే ఆలస్యంగా చేరేది కూడా ఆ కుటుంబాలకే కావడం నన్ను బాధిస్తుంది. కాబట్టి ఏప్రిల్ రెండో వారంలోనే సర్కిల్ కార్యాలయపు క్రీడా విభాగంలో మీకు దగ్గరి మైదానం ఏది, ఏ ఆట ఎక్కడ, నమోదు ఎలా, ఆ ఏడాది రుసుము ఎంత అన్నవి అడిగి, బస్తీలోని అంగన్‌వాడీలో, రేషన్ దుకాణంలో, ఇళ్ళలో పనిచేసేవారు బస్సు దిగే చోట అతికించండి. అపార్టుమెంటు లిఫ్టులో అంటించినంత మాత్రాన సరిపోదు.

శిబిరం మొదలయ్యాక ఒక ఉదయం వెళ్ళి చూసి రాయండి. తాగునీరు ఉందా, ప్రథమ చికిత్స పెట్టె ఉందా, ఆడపిల్లలకు శౌచాలయం తెరిచి ఉంచుతున్నారా, శిక్షకుడు వేళకు వస్తున్నారా అన్నవి చూడండి. ఆటల మీద ఆసక్తి లేని పిల్లలకు పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో వేసవిలో సంగీతం, నృత్యం, చిత్రలేఖనం వంటివి నేర్పుతారు. పన్నులో మనం గ్రంథాలయాలకు కట్టే 8 పైసల సంగతి ఇక్కడ గుర్తుకు రావాలి. మీ దగ్గరి శాఖా గ్రంథాలయానికి వెళ్ళి, సెలవుల్లో పిల్లలకు కథలు చదివి వినిపించే గంట ఒకటి పెట్టమని సంఘం తరఫున అడగండి. చదివి వినిపించడానికి రిటైరైన ఉపాధ్యాయులు ప్రతి కాలనీలోనూ దొరుకుతారు.

ఒక సాయంత్రం పిల్లలందరినీ బన్సీలాల్‌పేట మెట్లబావికి తీసుకెళ్ళండి. దశాబ్దాల పాటు చెత్తతో పూడిపోయిన ఆ బావిని బల్దియా, స్వచ్ఛంద సంస్థ కలిసి శుభ్రం చేయించి పునరుద్ధరించగా 2022 డిసెంబరులో ప్రారంభించారు. పూడిన చోటు మళ్ళీ నీటితో నిండడం కళ్ళారా చూసిన పిల్లలకు నాలాలో చెత్త ఎందుకు వేయకూడదో మళ్ళీ ప్రత్యేకంగా చెప్పనక్కర ఉండదు.

చలివేంద్రం, ఎండ

చలివేంద్రం పెట్టడం తేలిక, మే చివరి దాకా నడపడం కష్టం. ప్రారంభం రోజున పూలదండలు, ఫొటోలు ఉండి, పది రోజులకే ఖాళీ కుండలు మిగిలిన చలివేంద్రాలను మనం చూస్తూనే ఉంటాము. కాబట్టి పత్రంలో ప్రారంభోత్సవం గురించి కాక, ఏ రోజు ఏ ఇంటివారి వంతు అన్న పట్టిక వేయండి. నీడ ఉన్న చోటు, ఇసుక మీద నిలబెట్టిన మట్టి కుండలు, పొడవాటి కాడ ఉన్న గరిటె, మూత, రోజూ ఉదయం కుండలు ఖాళీ చేసి కడిగి నింపడం అవసరం. మధ్యాహ్నం ఒకసారి తప్పనిసరిగా మళ్ళీ నింపాలి, ఎందుకంటే అసలు దాహం ఆ వేళదే. కాలిబాటకు అడ్డం కాకుండా చోటు చూపించమని వార్డు కార్యాలయాన్ని ముందే అడగండి. కింద ఒక తొట్టి పెడితే కుక్కలకు, పక్షులకు కూడా నీరు దొరుకుతుంది.

వడదెబ్బ లక్షణాలను, దగ్గరి బస్తీ దవాఖానా చిరునామాను, 108 నంబరును మే పత్రంలో పెట్టండి. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బను రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, మరణించినవారి కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. ఇది తెలియక వైద్య నివేదిక తీసుకోని కుటుంబాలు నష్టపోకూడదు.

బోనాల దాకా

గోల్కొండలో మొదలైన బోనాలు ఆ తర్వాత ఒక ఆదివారం సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయానికి వస్తాయి. మర్నాడు సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం జరుగుతుంది. 2025లో జాతర జులై 13న జరిగింది. 2026లో అధిక జ్యేష్ఠం వచ్చినందువల్ల ఆషాఢం జులై మధ్యకు జరిగింది. పంచాంగం చూడకుండా, గత ఏటి తేదీల ప్రకారం ఏర్పాట్లు అడిగితే పొరపాటవుతుంది. జాతరకు కనీసం మూడు వారాల ముందు మీ వీధి గుడికి వెళ్ళే దారిలో గుంతలు, వెలగని వీధి దీపాలు, వేలాడే తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసి ఆయా శాఖలకు ఇవ్వండి. పండుగ ముందు ఈ పనులు మామూలు రోజుల కంటే త్వరగా జరుగుతాయి. ఆ అవకాశాన్ని ఒక్క ప్రధాన వీధికే వదిలేయకుండా లోపలి గల్లీలకు కూడా రాబట్టాలి. గుళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయం కోసం దరఖాస్తు గడువు, ట్రాఫిక్ మళ్ళింపులు, రాత్రి 10 తర్వాత ధ్వనివర్ధకాల మీద ఉన్న నిషేధం కూడా ఆ పత్రంలో ఉండాలి.

భాష విషయంలో ఒక మాట. ఈ ప్రాంతంలో తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, తమిళం మాట్లాడే ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి. తేదీలు, నంబర్లు ఉన్న భాగాన్నైనా ఉర్దూలో, హిందీలో మరోవైపు అచ్చు వేయించి, గుడి, మసీదు, చర్చి మూడింటి దగ్గరా ఉంచండి. వాట్సాప్ గుంపులో ఫొటోగా పంపడం సులువే. కాని అక్కడ వచ్చే ఫార్వర్డులను, ముఖ్యంగా 'రేపటి నుంచి నీళ్ళు బంద్' వంటి వాటిని, 155313కు ఫోన్ చేసి నిర్ధారించుకోకుండా పత్రంలోకి ఎక్కించవద్దు. ఏదైనా తప్పు అచ్చయితే మరుసటి వారం మొదటి పేరాలోనే సవరణ వేయాలి.

జాతర ముగిసిన వారంలో చివరి పత్రం తీయండి. అందులో ఏప్రిల్ నుంచి ఇచ్చిన ఫిర్యాదు సంఖ్యలన్నీ, వాటిలో పూర్తయినవి, కానివి, ఏ కార్యాలయంలో ఆగాయో వరుసగా వేయండి. పూర్తి కాని వాటికి సమాచార హక్కు దరఖాస్తులు ఆ వారంలోనే వేసి, ముద్ర వేసిన ప్రతులన్నీ ఒక ఫైలులో పెట్టి, వచ్చే ఏడాది పత్రం బాధ్యత తీసుకునేవారికి అందజేయండి.